టెక్ సందేహాలు: బ్యాటరీ కొనే ముందు డైనమోకు మీటర్ పెట్టండి

రొయ్యల లోడు తిప్పే డీజిల్ పికప్ మాది. ఏడాదిలో ఇది రెండో బ్యాటరీ. అయినా తెల్లవారుజామున చెరువు దగ్గర సెల్ఫ్ తిరగట్లేదు. డైనమో మార్చేయమని మెకానిక్ అంటున్నారు. మార్చాలా?
– భీమవరం పాఠకుడు

ఇప్పుడే వద్దండీ. ఇంజిన్‌తో పాటు తిరిగి బ్యాటరీని నింపేదే డైనమో, అంటే ఆల్టర్నేటర్. డిజిటల్ మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి మూడు కొలతలు తీయండి.

మొదటిది, రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ మీద. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం. 12 కంటే తగ్గితే బయటి ఛార్జర్‌తో నింపాకే మిగతా పరీక్షలు. ఖాళీ బ్యాటరీని నింపే పని డైనమో మీద వేస్తే అది గంటల తరబడి పూర్తి లోడు మీద కాగిపోతుంది.

రెండోది, ఇంజిన్ నడుస్తుండగా. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి ఆక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టండి. 13.8 నుంచి 14.5 మధ్య నిలబడాలి. 13.2 దాటకపోతే ఛార్జింగ్ చాలట్లేదు. 15 దాటితే వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పాడైనట్టే. లోపలి నీళ్లు ఆవిరై కొత్త బ్యాటరీ కూడా నెలల్లోనే చస్తుంది.

మూడోది మన వైపు బళ్లకు అన్నిటికంటే ముఖ్యం. లైట్లు వేసి ఇంజిన్ నడుస్తుండగానే, డైనమో వెనక లావు వైరు బిగించిన బోల్టు మీద ఒక ప్రోబు, బ్యాటరీ ప్లస్ మీద రెండోది పెట్టండి. 0.3 వోల్టు మించకూడదు. తర్వాత డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూడండి, 0.2 లోపు ఉండాలి. అంతకు మించితే డైనమో చేసిన కరెంటు దారిలోనే పోతోంది. రొయ్యల టబ్బుల నుంచి కారే ఉప్పునీళ్లు ఛాసిస్ మీద పడి, బ్యాటరీ మైనస్‌ను బండి బాడీకి కలిపే ఎర్త్ వైరును తింటాయి. పైకి వైరు బాగానే కనిపిస్తుంది. వైరు చివర బోల్టుకు బిగించే లగ్గు దగ్గర తొడుగు వెనక్కి లాగితే పచ్చటి చిలుము బయటపడుతుంది. ఇంజిన్ ఆపి, ముందు మైనస్ టెర్మినల్ తీసి, లగ్గునూ అది కూర్చునే చోటునూ ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వ్యాజలైన్ పూయండి. లోపలి తీగలు నల్లబడి ఉంటే వైరే మార్చండి. కొత్త డైనమో ధరతో పోలిస్తే అది చాలా చిన్న ఖర్చు.

వైర్లు బాగుండీ డైనమో దగ్గరే వోల్టేజీ తక్కువగా ఉంటే అప్పుడు దాన్ని విప్పించండి. ముందు బెల్టు చూడండి. అంచు అద్దంలా మెరుస్తున్నా, తడి ఉదయాల్లో స్టార్ట్ చేయగానే కీచుమన్నా జారుతున్నట్టే. తర్వాత డైనమో లోపల కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్. మీటర్‌ను ఏసీకి మార్చి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద పెడితే అర వోల్టు మించకూడదు. కొన్ని చవక మీటర్లు ఏసీలో 28 దాకా చూపిస్తాయి, అది మీటర్ లోపమే. డయోడ్ లీకైతే రాత్రంతా బ్యాటరీ దాని గుండా ఖాళీ అవుతుంది. మీ తెల్లవారుజాము సమస్యకు ఇదీ కారణం కావచ్చు. ఇంజిన్ చల్లారిన బండిలో పొద్దున్నే డైనమోను తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే డయోడ్‌నే అనుమానించాలి.

కొన్ని డీజిల్ బళ్లలో పెడల్‌ను తేలిక చేసే బ్రేకు బూస్టర్ నుంచి గాలి లాగేసే వ్యాక్యూమ్ పంపు డైనమో వెనకే ఉంటుంది. దాని సీలు కారితే ఆయిల్ కార్బన్ బ్రష్‌ల మీదకొచ్చి ఛార్జింగ్ ఆగిపోతుంది. అలాంటి బండిలో ఛార్జింగ్ లైటు వెలిగి, బ్రేకు పెడల్ కూడా గట్టిపడితే బెల్టు తెగి ఉండొచ్చు. బూస్టర్‌లో మిగిలే వ్యాక్యూమ్ మహా అయితే ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది. వెంటనే పక్కకు తీసి ఆపండి, సరుకు సంగతి తర్వాత.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ‘డైనమో పనిచేస్తోందా లేదా’ అని చూడనివ్వకండి. ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి డయోడ్లూ, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) కాలిపోవచ్చు.

కారులో ఓబీడీ సాకెట్‌కు (బండి లోపాలు చూసే ప్లగ్గు) బ్లూటూత్ డాంగిల్ పెట్టాను. యాప్‌లో వోల్టేజీ ఒకసారి 14.7, కాసేపటికి 12.7. హెచ్చరిక లైటు లేదు. డైనమో పోతోందా?
– అమలాపురం పాఠకురాలు

చాలావరకు కాదమ్మా. కొత్త కార్లలో డైనమోను ఈసీయూ నడిపిస్తుంది. వేగం పెంచేటప్పుడు ఛార్జింగ్ తగ్గించి, ఆక్సిలరేటర్ వదిలినప్పుడు పెంచి ఇంధనం ఆదా చేస్తుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్ పూర్తిగా వేసి చూడండి. 13.5 దాటితే ఫర్వాలేదు. అప్పుడూ 12.6 దగ్గరే ఉండి, నడుస్తున్నకొద్దీ 12 వైపు దిగుతుంటే వర్క్‌షాపుకు తీసుకెళ్లండి. యాప్‌లో అలారం ఉంటే 12 కింద, 15.2 పైన మోగేలా పెట్టుకోండి. కారు వారం కదలదనుకుంటే డాంగిల్ తీసేయండి, అదీ బ్యాటరీని తింటుంది.

దమ్ము చేశాక ట్రాక్టర్ డైనమో గరగరమంటోంది.
– పాలకొల్లు రైతు

బురద డైనమో గాలి రంధ్రాల్లో ఎండిపోతే వేడి బయటికి పోదు, బేరింగులోకి వెళితే గ్రీజు పాడవుతుంది. ఇంజిన్ ఆపి, బెల్టు తీసి పుల్లీని చేత్తో తిప్పండి. నున్నగా తిరగకుండా గరుకుగా తగిలినా, అటూ ఇటూ ఊగినా బేరింగులు మార్చాలి. ఆలస్యం చేస్తే లోపల తిరిగే రోటర్, చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్‌కు రాసుకుని మొత్తం పోతుంది. ఇంజిన్ చల్లారాక మామూలు పైపు నీళ్లతో, డైనమో మీద నేరుగా పడకుండా కడగండి. ప్రెషర్ వాషర్ అక్కడికి అసలు తేవద్దు. సార్వా, దాళ్వా దమ్ములకు ముందు బెల్టు బిగువు కూడా చూడండి. రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. మీ ట్రాక్టర్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.