జనరల్ వార్డులో నాన్నగారికి తోడుగా ఉండాలి, ఏం సిద్ధం చేసుకోవాలి?

నాన్నగారికి గవర్నమెంటు పెద్దాసుపత్రిలో తుంటి ఎముక ఆపరేషన్ ఉందని, తోడుండటం మీకిదే మొదటిసారని, వచ్చిపోయే బంధువులతో ఎలా నెట్టుకురావాలో తెలియడం లేదని అడిగారు. మా అమ్మకు అదే ఆపరేషన్ అయినప్పుడు ఎముకల వార్డులో దగ్గరుండి చూసుకున్నది నేనే కాబట్టి చెబుతున్నాను.

చాప, దుప్పటి, ఫ్లాస్కు ఎలాగూ సర్దుకుంటారు. వాటికంటే ముఖ్యం ఒక చిన్న నోట్‌బుక్కు. డాక్టర్లు, సిస్టర్లు షిఫ్టులవారీగా మారిపోతుంటారు, మొదటి నుంచి చివరిదాకా మంచం దగ్గర ఉండేది మీరే. నాన్నగారు ఇంట్లో వేసుకునే బీపీ, షుగరు మాత్రల పేర్లు, ఎంత మోతాదు, ఏ మందు పడదు అన్నవి మొదటి పేజీలోనే రాయండి. మా అమ్మ బీపీ మాత్ర కేస్‌షీటులో ఎక్కలేదు, పుస్తకం చూపించాకే రాశారు. రక్తం పలచబడటానికి ఎకోస్ప్రిన్ లాంటిది వాడుతుంటే చేరిన రోజే డాక్టరుకు చెప్పండి. ఆపాలో వద్దో వాళ్లే తేలుస్తారు, మీ అంతట మీరు ఆపేయకండి.

పొద్దున రౌండ్స్‌కి పెద్ద డాక్టరు వచ్చే టైముకి టీకి వెళ్లొద్దు. ఒక్కో మంచం దగ్గర ఆయన ఉండేది కాసేపే. అడగాల్సినవి ముందురోజు రాత్రే రాసి పెట్టుకోండి. అర్థం కానిది ఉంటే రౌండ్స్ అయ్యాక హౌస్‌సర్జన్లను, అంటే అక్కడ శిక్షణలో ఉండే కుర్ర డాక్టర్లను నిదానంగా అడగండి, చెబుతారు.

సెలైన్ త్వరగా అయిపోవాలని ట్యూబుకు ఉండే చిన్న చక్రం తిప్పేవాళ్లను వార్డులో చూశాను. దయచేసి ఆ పని చేయకండి, గుండె, కిడ్నీ సరిగా లేనివాళ్లకు అది చాలా ప్రమాదం. సూది గుచ్చిన చోట వాచినా, మంట అన్నా వెంటనే సిస్టరుకు చెప్పండి. మూత్రం సంచిని ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడదీయాలి, అలాగని నేలకు తగలకూడదు. కదలకుండా పడుకుంటే వీపు, మడమల దగ్గర పుండ్లు పడతాయి, అందుకే రెండు గంటలకోసారి ఒత్తిగిలించమంటారు. తుంటి ఆపరేషన్ కాబట్టి ఏ వైపు తిప్పాలో, కాళ్ల మధ్య దిండు పెట్టాలో లేదో ముందుగా అడిగి చేయండి.

ఇంకో విషయం, దీనికి నేను చాలా భయపడ్డాను. పెద్ద వయసువాళ్లలో ఈ ఆపరేషన్ తర్వాత కొందరు రాత్రిపూట మనుషుల్ని గుర్తుపట్టకుండా మాట్లాడతారు, ట్యూబులు పీకేసుకోబోతారు. గాలి సోకిందని తాయెత్తులకు పరిగెత్తొద్దు. నొప్పి, ఇన్‌ఫెక్షన్, నిద్రలేమి, కొన్ని మందుల వల్ల ఇలా అవుతుంది, చాలామందికి తగ్గిపోతుంది. డ్యూటీ డాక్టరుకు వెంటనే చెప్పండి. కళ్లజోడు, చెవి మిషన్ ఉంటే పెట్టండి, ‘నాన్నా, ఆసుపత్రిలో ఉన్నాం, నేను పక్కనే ఉన్నా’ అని మళ్లీ మళ్లీ చెబుతుండండి.

ఇక బంధువులు. పదిమంది ఒకేసారి మంచం చుట్టూ చేరితే పక్క మంచం వాళ్లకూ నిద్ర ఉండదు. జలుబు, జ్వరం ఉన్నవాళ్లను, చిన్నపిల్లలను రావద్దని మొహమాటం లేకుండా చెప్పండి. మనవాళ్లు ప్రేమతో కొబ్బరిబొండాలు, బత్తాయిలు, హార్లిక్స్ తెస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు కొబ్బరినీళ్లలోని పొటాషియం ప్రాణం మీదకు తేవచ్చు. ఆపరేషన్ ముందు ఏమీ ఇవ్వొద్దన్న టైములో ‘ఒక్క గుక్కే కదా’ అని పట్టినా మత్తు ఇచ్చేటప్పుడు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఏం తేవాలని అడిగితే నేనైతే, ‘పెద్దమ్మా, పళ్లొద్దు, సాయంత్రం రెండు గంటలు నువ్వు కూర్చుంటే నేను స్నానం చేసి కాస్త పడుకుంటా’ అనేదాన్ని. ఎవరూ తప్పుపట్టలేదు. రక్తం ఇవ్వగలిగిన కుర్రవాళ్ల ఫోన్ నంబర్లు కూడా ముందే రాసిపెట్టుకోండి, బ్లడ్‌బ్యాంకులో అడిగితే అప్పటికప్పుడు వెతుక్కోవడం కష్టం.

ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు దగ్గర పెట్టుకుని, తెలంగాణలో అయితే ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో అయితే ఎన్టీఆర్ వైద్యసేవ డెస్కులో చేరేముందే కనుక్కోండి. ఇంటికి పంపేటప్పుడు కుట్లు ఎప్పుడు తీస్తారు, కాలు ఎప్పటి నుంచి మోపొచ్చు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎన్నాళ్లు వాడాలి అన్నవి అడిగి తెలుగులో రాసుకోండి. ఎక్స్‌రే ఫిల్ములు మరిచిపోకుండా తీసుకోండి, తర్వాత చూపించుకునేటప్పుడు పాతవి అడుగుతారు.