ఆటలమ్మ టీకా: పిల్లల సంగతి సరే, మీ సంగతేంటి?

అమెరికాకు కొత్తగా వచ్చేవాళ్ళు పిల్లల టీకాల గురించి పది ప్రశ్నలు అడుగుతారు, తమ గురించి ఒక్కటీ అడగరు. ఆటలమ్మ విషయంలో నాకు టెన్షన్ పెద్దవాళ్ళ గురించే. ఇక్కడ ఈ టీకా 1995లో వచ్చింది, 2006 నుంచి రెండు డోసులు వేస్తున్నారు. మన దేశంలో ఇది ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు. ప్రైవేటు డాక్టరు దగ్గర డబ్బు పెట్టి వేయించుకుంటేనే ఉంటుంది. పైగా వేడి దేశాల్లో ఈ జబ్బు అందరికీ చిన్నప్పుడే వచ్చిపోదు. పాతికేళ్ళు దాటినా రానివాళ్ళు మనలో చాలామందే ఉంటారు. పెద్దయ్యాక వస్తే న్యుమోనియాలోకి దిగే ప్రమాదం పిల్లలకంటే ఎక్కువ.

"నాకు చిన్నప్పుడే అమ్మవారు పోసిందట, మా అమ్మ చెప్పింది" అంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ రోజుల్లో గుమ్మానికి వేపమండలు కట్టి, తగ్గాక వేపాకు నీళ్ళతో తలకు పోశారు గానీ, డాక్టరు చేత కాగితం రాయించుకున్నదెవరు? తట్టు వచ్చినా అమ్మవారే అన్నారు కదా. ఇక్కడ నర్సింగ్ కోర్సుకో ఆసుపత్రి ఉద్యోగానికో వెళ్తే కాగితం కావాలి. గ్రీన్‌కార్డు మెడికల్‌లో కూడా ఈ టీకా సంగతి చూస్తారు. 1980కి ముందు అమెరికాలో పుట్టినవాళ్ళకు మామూలుగా ఇమ్యూనిటీ ఉన్నట్టే లెక్క వేస్తారు. 1975లో గుంటూరులో పుట్టినవాళ్ళకు ఆ సడలింపు లేదు.

అందుకని రక్తపరీక్ష చేయించుకోండి, ఇక్కడ టైటర్ అంటారు. లేదా నేరుగా రెండు డోసులు వేయించుకోండి. పదమూడేళ్ళు దాటినవాళ్ళకు రెండింటి మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. జబ్బు ఇదివరకే వచ్చినవాళ్ళు వేయించుకున్నా నష్టం లేదు. రెండు డోసుల కాగితం చేతిలో ఉంటే మాత్రం మళ్ళీ టైటర్ జోలికి పోకండి. టీకా వల్ల వచ్చిన ఇమ్యూనిటీని ఆ పరీక్ష ఒక్కోసారి పట్టుకోలేదు, అనవసరంగా కంగారు.

పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్న ఆడవాళ్ళు దీన్ని అసలు వాయిదా వేయకూడదు. ఇది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన టీకా, గర్భంతో ఉండగా వేయరు. వేయించుకున్నాక కనీసం ఒక నెల ఆగాలి. రెండు డోసులకూ ఆ గడువుకూ కలిపి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టాలి. కాన్పుకు అయిదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత లోపు తల్లికి ఆటలమ్మ పోస్తే పసిబిడ్డ ప్రాణం మీదకు రావచ్చు. ఇంకో అనుమానం కూడా చాలామందికి ఉంటుంది: తల్లి కడుపుతో ఉంటే పెద్దపిల్లాడికి టీకా వేయించవచ్చా అని. నిక్షేపంగా వేయించవచ్చు, ఆ టీకా తల్లికి కూడా రక్షణే.

ఇక పిల్లలు. మొదటి డోసు 12 నుంచి 15 నెలల మధ్య, రెండోది నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య వేస్తారు. ఇండియాలో ఏడాదిన్నరకే రెండోది వేసి ఉంటే, మధ్యలో మూడు నెలలు గడిచాయేమో చూసుకోండి. గడిచి ఉంటే అది చెల్లుతుంది, స్కూలు కోసం ఇంకోటి అక్కర్లేదు. తొమ్మిదో నెలలో వేసిన ఎంఎంఆర్‌కి (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాల టీకా) మాత్రం ఇక్కడ లెక్క లేదు, ఏడాది నిండాక వేసిన డోసులే చూస్తారు. టీకా కార్డు మీద తేదీల దగ్గర జాగ్రత్త. మనం 05/03 అని రాస్తే మార్చి 5, ఇక్కడి నర్సు మే 3 అని ఎక్కిస్తుంది. బయల్దేరే ముందే నెల పేరు అక్షరాల్లో రాయించి డాక్టరు స్టాంపు వేయించుకోండి.

టీకా వేసినా కొందరికి ఆటలమ్మ వస్తుంది. అయితే సాధారణంగా యాభై లోపు పొక్కులతో, పెద్దగా జ్వరం లేకుండా పోతుంది. అప్పుడు పిల్లల్ని నేరుగా క్లినిక్‌కి తీసుకెళ్ళి అందరి మధ్య కూర్చోబెట్టకండి, ముందు ఫోన్ చేయండి. ఆస్పిరిన్ ఇవ్వకూడదు. పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా డేకేర్ వాళ్ళు రానివ్వరు. ఇంట్లో టీకా లేనివాళ్ళుంటే, సోకే అవకాశం ఏర్పడిన మూడు రోజుల్లోపు వేయించుకున్నా చాలావరకు కాపాడుతుంది.

పురుడు పోయడానికి వచ్చే అమ్మమ్మలకూ తాతయ్యలకూ ఒక మాట. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని కొందరికి ముసలితనంలో సర్పిగా బయటపడుతుంది. ఆ పొక్కుల రసి తగిలితే ఏడాది నిండని పాపకు ఆటలమ్మ రావచ్చు, పాపకేమో ఇంకా టీకా వేయరు. సర్పి రాకుండా యాభై దాటినవాళ్ళకు షింగ్రిక్స్ అనే వేరే టీకా ఉంది, రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. విజిటర్ ఇన్సూరెన్సులు ఇలాంటివాటికి సాధారణంగా డబ్బులివ్వవు. ఇండియాలో ఇప్పుడు దొరుకుతోంది కాబట్టి టిక్కెట్లు కొనే రోజే ఆ సంగతీ అక్కడి డాక్టరుతో మాట్లాడించండి.