గ్యాస్ అని తీసిపారేయకు అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన ఫైలు చూశాను. మూడు నెలలుగా ఛాతీ పట్టేస్తోంది, ఊపిరి చాలడం లేదంటున్నావు. ఫైల్లో ఉన్నదేమో ఒక ఈసీజీ, ఒక ఎక్స్‌రే, మూడు గ్యాస్ మాత్రల చీటీలు. రెండు రిపోర్టులూ బాగున్నాయి కాబట్టి టెన్షన్ అని తేల్చేశారు. ఈసీజీ అంటే నువ్వు బల్ల మీద పడుకున్న ఆ కొద్ది సెకన్ల సంగతే. మెట్లెక్కితే మొరాయించే గుండె, పడుకున్నప్పుడు గీతలు చక్కగానే గీస్తుంది. ఉబ్బసంలో కూడా ఎక్స్‌రే చాలాసార్లు శుభ్రంగానే ఉంటుంది. ఆ రెండు పరీక్షలూ తప్పు కాదు. కాకపోతే నీ బాధకు అవి జవాబు కావు.

ముందు ఇది గుర్తుంచుకో. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పోసినా, పావుగంటకీ వదలకపోయినా, ఒక మాట పూర్తిగా అనలేనంత ఎగపోత వచ్చినా 108కి ఫోన్ చెయ్యి. బండేసుకుని నువ్వే వెళ్లొద్దు. ఆసుపత్రిలో మొదటి ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష బాగుంటే లేచి వచ్చేయకు. రక్తంలో అది పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే మళ్లీ చూస్తారు. ఆపరేషన్ తర్వాతో దూర ప్రయాణం తర్వాతో ఒక కాలు వాచి, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఇంతే తొందర. రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లో ఇరుక్కుని ఉండొచ్చు.

ఇక నీకున్నట్టు నెలల తరబడి సాగేదాని సంగతి. గుంటూరు కొత్తపేటలో ఇంకో డాక్టరు దగ్గరికో, బస్సెక్కి విజయవాడ సూర్యారావుపేటకో వెళ్లేముందు ఒక నోటుపుస్తకం, ఒక పీక్ ఫ్లో మీటరు (గాలి ఎంత జోరుగా ఊదగలవో చూపే చిన్న గొట్టం) కొనుక్కో. పట్టేసిన ప్రతిసారీ ఎన్నింటికి, ఏం చేస్తుండగా, ఎంతసేపు, దేనితో వదిలింది అని రాయి. మీటరు పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి. నిలబడి, ముల్లు సున్నాకు జరిపి, గుండెల నిండా గాలి పీల్చి, పెదాలు బిగించి ఒక్క ఊపున ఊదు. మూడుసార్లు ఊది వాటిలో పెద్ద అంకె రాసుకో. నాలుక అడ్డొచ్చినా, వేలు ముల్లుకు తగిలినా, బుగ్గలతో ఉమ్మినట్టు ఊదినా అంకె అబద్ధం చెబుతుంది. పొద్దున 360, సాయంత్రం 440 వచ్చిందనుకో. తేడా 80, సగటు 400, అంటే 20 శాతం. రెండు వారాల మీద ఈ రోజువారీ తేడా సగటున 10 శాతం దాటితే ఉబ్బసమేమోనని గట్టిగా అనుమానించాలి.

పుస్తకం నిండాక చదవడం కష్టం కాదు. ఇంద్రకీలాద్రి మెట్లెక్కుతుంటే పట్టేసి, నిలబడగానే నాలుగైదు నిమిషాల్లో వదిలేస్తుంటే అది గుండె గోల. నీ వయసెంతైనా సరే గుండె డాక్టరు దగ్గరికే ముందు వెళ్లు. ఎకో (గుండె స్కానింగు), అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష ఆయన చూసుకుంటాడు. షుగరున్న వాళ్లలో నొప్పే లేకుండా ఒట్టి ఆయాసంగా కూడా ఇది కనపడుతుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక రెండు దిండ్లు వేసుకోవాల్సి రావడం, సాయంత్రానికి రెండు పాదాలూ ఉబ్బడం అయితే ఎకో మరీ తొందరగా చేయించాలి.

తెల్లవారుజామున దగ్గుతో మెలకువ రావడం, పిల్లికూతలు, ఒకరోజు బాగుండి ఒకరోజు పట్టేయడం ఊపిరితిత్తుల వైపు చూపిస్తాయి. నువ్వుండేది మిర్చి యార్డు కమీషన్ కొట్లో, మిరప టిక్కీల (బస్తాల) మధ్య. మిరప ఘాటుకు ఎవరికైనా దగ్గొస్తుంది, అది జబ్బు కాదు. కానీ యార్డు నుంచి ఇంటికొచ్చాక కూడా గంటల తరబడి బిగుతుగా ఉండి, సెలవుల్లో మీటరు అంకెలు పెరిగి, మళ్లీ పనిలోకి వెళ్లగానే పడిపోతుంటే కారణం దొరికినట్టే. అందుకే సెలవు రోజుల అంకెల కింద గీత గీయమంటున్నాను. జిన్నింగు మిల్లులో చేసే మీ బావకూ ఇది చెప్పు. పత్తి దుమ్ము తెచ్చే బిగుతు సెలవు తర్వాత మొదటి రోజునే ఎక్కువ ఉంటుంది, తర్వాత రోజుల్లో సర్దుకున్నట్టు అనిపించి మనిషిని మోసం చేస్తుంది. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు కావాలి.

ఊపిరితిత్తుల మీద అనుమానమొస్తే అడగాల్సిన పరీక్ష స్పైరోమెట్రీ, ఎంత గాలి ఎంత వేగంగా ఊదగలవో మిషను మీద కొలిచేది. ఒకసారి ఊదించి, సాల్‌బుటమాల్ (ఊపిరి గొట్టాలు తెరిచే మందు) పీల్పించి, 15 నిమిషాలాగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో ఊదిన గాలి 12 శాతమూ, 200 మిల్లీలీటర్లూ రెండూ పెరిగితే మూసుకున్న గొట్టాలు తెరుచుకున్నాయన్నమాట. మందు పీల్చకముందు ఒక్కసారే ఊదించి రిపోర్టిచ్చే చోటైతే డబ్బు దండగ. ఇన్‌హేలరు వాడుతుంటే పరీక్షకు ఎన్ని గంటల ముందు ఆపాలో ముందే అడుగు, అది పీల్చి వెళితే ఉన్న జబ్బు కనపడకపోవచ్చు. బాగున్న రోజున చేయిస్తే నార్మల్ రావచ్చు. అంతమాత్రాన ఉబ్బసం లేదని కాదు, అక్కడే నీ మీటరు అంకెలు పనికొస్తాయి.

రక్తపరీక్షల్లో రెండే ముఖ్యం. హీమోగ్లోబిన్: మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12 కంటే తగ్గితే రక్తహీనతే, బాగా తగ్గితే అదే ఆయాసం తెస్తుంది. రెండోది ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) లెక్క. బోదకాలు దోమలున్న మన కోస్తాలో ఇది మరిచిపోకూడదు. ఆ క్రిమికి ఒళ్లు తిరగబడితే అచ్చం ఉబ్బసంలాగే రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు వస్తాయి, ఈ లెక్క 3,000 దాటిపోతుంది. దానికి మందు వేరు, బోదకాలు క్రిమిని చంపే డీఈసీ మాత్రలు మూడు వారాలు. దగ్గు రెండు వారాలు దాటి ఉంటే క్షయ ఉందేమో చూసే కళ్లె పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకెళ్లు, చీటీలు కాదు, అట్టలే. తలనొప్పికో చేతుల వణుకుకో ఇచ్చే ప్రొప్రనలాల్ గొట్టాలను బిగిస్తుంది. గ్లకోమాకు వేసే టైమలాల్ కంటిచుక్కలు కూడా అంతే, కంట్లో వేసేదానికి ఛాతీతో పనేమిటని ఎవరూ చెప్పరు. బీపీకి వాడే రామిప్రిల్, ఎనాలప్రిల్ పొడిదగ్గు తెస్తాయి. కొందరికి ఆస్పిరిన్, నొప్పి మాత్రలు పడవు.

గ్యాస్ ఉండదని అనను. తిన్నాక పడుకుంటే మంట, పుల్లటి త్రేన్పు ఉంటే అదీ ఒక కారణమే. కానీ మాత్రలు రెండు నెలలు వాడినా బిగుతు పోలేదంటే ఇంకోటి వెతకాలి. ఆందోళన వల్ల అయితే పెద్ద నిట్టూర్పులు, వేళ్ల చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరి ఉంటాయి, కష్టపడినప్పుడు కంటే ఊరికే కూర్చున్నప్పుడే ఎక్కువ వస్తుంది. ఆ పేరు పెట్టాల్సింది మిగతావన్నీ చూశాకే.

పుస్తకం రెండు వారాలు నిండగానే పేజీల ఫొటోలు పంపు. పరీక్షలకు వెళ్లే రోజు మీ అమ్మను తోడు తీసుకెళ్లు, రాత్రి నీ ఊపిరి చప్పుడు విన్నది తనే.

మీ మావయ్య