ముంపు ఊళ్ల సమాధుల జాడ తీయాలంటే

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. జలాశయం కట్టేటప్పుడు మీ ముత్తాతగారి సమాధి, తాతమ్మ సమాధి వేరే చోటికి మార్చారని ఇంట్లో చెప్పుకోవడమే తప్ప, ఎక్కడికి మార్చారో చెప్పగలిగిన వాళ్లు ఇప్పుడు లేరన్నావు. ఇలాంటి వెతుకులాటలో చాలా కుటుంబాలకు తోడున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

అందరూ ముందు మనిషి పేరు పట్టుకుని బయలుదేరతారు. నువ్వు మాత్రం పాత శ్మశానం పేరు పట్టుకో. సమాధులు తరలించిన వాళ్లకు మీ ముత్తాత ఎవరో తెలియదు. వాళ్ల లెక్కంతా ఫలానా శ్మశానం, ఫలానా నంబరు సమాధి అనే పద్ధతిలోనే నడిచింది. అందుకని శ్మశానం దొరికితే మనిషి దొరకడానికి దారి పడుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. ఒకే శ్మశానాన్ని ఊరివాళ్లు స్థలం యజమాని ఇంటిపేరుతో పిలిస్తే, చర్చి కాగితాల్లో ఇంకో పేరు, సర్వే మ్యాపులో వట్టి నంబరు ఉండొచ్చు. ఆ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకో.

తర్వాత ఆ పని చేసింది ఎవరో తేల్చుకోవాలి. జలాశయాలు కట్టిన సంస్థల పేర్లు కాలంతోపాటు మారిపోతాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు క్వాబిన్ జలాశయమే చూడు. దాని కోసం డానా, ఎన్‌ఫీల్డ్, గ్రీనిచ్, ప్రెస్కాట్ అనే నాలుగు ఊళ్లను 1938లో అధికారికంగా రద్దు చేశారు. 7,500కు పైగా సమాధులను తీశారు. అప్పట్లో ఆ పని చేసింది మెట్రోపాలిటన్ డిస్ట్రిక్ట్ వాటర్ సప్లై కమిషన్. ఇప్పుడు ఆ జలాశయ ప్రాంతాన్ని చూసుకునేది ఆ రాష్ట్రపు పరిరక్షణ, వినోద శాఖ. పాత పేరుతో ఉత్తరం రాస్తే చేరడానికి ఆఫీసే లేదు. కాబట్టి ఆ సంస్థ తర్వాత ఎవరు వచ్చారు, పాత ఫైళ్లు ఎవరి చేతికి వెళ్లాయి అన్నదే మొదటి ప్రశ్న. అలాగే అమెరికాలో డ్యాములు కట్టిన ప్రభుత్వ సంస్థ టెన్నెసీ వ్యాలీ అథారిటీ తరలించిన సమాధుల కాగితాల కోసం అట్లాంటా దగ్గరున్న జాతీయ ఆర్కైవ్స్‌ను, అంటే పాత ప్రభుత్వ రికార్డులు దాచే ఆఫీసును అడగాలి, డ్యామ్ దగ్గర ఆఫీసును కాదు.

క్వాబిన్ నుంచి ఇంకోటి కూడా గమనించు. తీసిన సమాధుల్లో ఎక్కువ భాగం వేర్ పట్టణంలో కొత్తగా ఏర్పాటు చేసిన క్వాబిన్ పార్క్ శ్మశానానికి చేరాయి కానీ, అన్నీ అక్కడికే వెళ్లలేదు. బంధువులు కోరుకున్న చోట్లకు వెళ్లినవీ ఉన్నాయి. కొత్త శ్మశానంలో పేరు కనబడకపోతే కంగారుపడి ఆపేయకు. ఆ రోజుల్లో మీ వాళ్లు ఎవరు ఏ ఊళ్లో స్థిరపడ్డారో చూసి, ఆ ఊళ్ల శ్మశానాల్లో అడుగు.

ఇక సమాధులు తరలించిన వాళ్లు రాసిపెట్టిన రిజిస్టర్ సంగతి. అసలు పని ఇక్కడే ఉంది, నిదానంగా చదువు. మంచి రిజిస్టరైతే పాత శ్మశానం పేరు, సమాధి నంబరు, మనిషి పేరు, మరణించిన సంవత్సరం, దగ్గరి బంధువు పేరు, చిరునామా, తవ్వి తీసిన తేదీ, తిరిగి పూడ్చిన చోటు, అక్కడి వరస నంబరు ఉంటాయి. ఆ పేర్లు రాసిన గుమస్తా చాలాసార్లు అరిగిపోయిన రాయి మీద అక్షరాలు కూడబలుక్కుని రాసినవాడే. కాబట్టి స్పెల్లింగ్ నమ్మకు. ఆడవాళ్ల పేరు అసలుండకపోవచ్చు. ఉదాహరణకు 14వ నంబరు ఎదురుగా పెద్దాయన పూర్తి పేరుంటుంది, 15 ఎదురుగా ‘ఆయన భార్య’ అని మాత్రమే ఉంటుంది, 16, 17 ఎదురుగా ‘శిశువు, పేరు తెలియదు’ అని, 18లో ఆయన తమ్ముడు. కంప్యూటర్‌లో మీ తాతమ్మ పేరు కొట్టి చూస్తే ఏమీ రాదు. ఆ పేజీ మొత్తం చదివితే ఆవిడ భర్త పక్కనే దొరుకుతుంది. అందుకే ఆర్కైవ్స్ వాళ్లను ఒక్క పేరుకు సంబంధించిన నకలు అడగొద్దు, ఆ శ్మశానం పేజీలన్నీ ఇమ్మని అడుగు.

బంధువు చిరునామా గడిని చాలామంది పట్టించుకోరు. నాకు అన్నిటికంటే విలువైంది అదే. సమాధి తీయడానికి ఒప్పుకుంటూ సంతకం చేసింది ఎవరో, అప్పుడు ఎక్కడ ఉన్నారో తెలిస్తే, మీ ఇంట్లో ఎవరికీ తెలియని శాఖ ఒకటి బయటపడొచ్చు. వాళ్ల మనవల దగ్గర ఒక ఫొటో, ఒక ఉత్తరం ఉండే అవకాశం ఉంది.

రిజిస్టరు దొరకలేదంటే అదే సమాచారం వేరే కాగితాల్లో ముక్కలు ముక్కలుగా ఉంటుంది. తవ్వడానికి ఇచ్చిన పర్మిట్లు, కాంట్రాక్టరు బిల్లులు, వారసులు ముందుకు రావాలంటూ అప్పటి పత్రికల్లో వేసిన నోటీసులు, కొత్త శ్మశానం వాళ్లు రాసుకున్న పుస్తకం. మరణ ధ్రువపత్రం మీద మాత్రం మొదట పూడ్చిన చోటే ఉంటుంది. తర్వాత మార్చిన సంగతి దాని మీదకు రాదు.

ఒక విషయం నీకు కష్టంగా ఉన్నా ముందే చెప్పాలి. సర్వే చేసిన సమాధులన్నీ తరలించలేదు. టెన్నెసీ వ్యాలీ అథారిటీ తన ప్రాజెక్టుల కోసం 69,000కు పైగా సమాధులను సర్వే చేసింది. అందులో తరలించినవి 20,000 పైచిలుకు. కొన్నిటి దాకా నీళ్లు రాలేదు, కొన్నిటిని కదిలించవద్దని కుటుంబాలే అన్నాయి. కాబట్టి సర్వే జాబితాలో పేరు కనబడిందని సంబరపడకు, తిరిగి పూడ్చిన చోటు గడిలో ఏముందో చూడు. నార్త్ కరోలినాలో ఫోంటానా డ్యామ్ వల్ల ఏర్పడిన సరస్సు ఉత్తరపు ఒడ్డున కొన్ని శ్మశానాలు మునగలేదు, వాటికి వెళ్లే రోడ్డు మునిగింది. ఇప్పటికీ కుటుంబాలను నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్లు పడవల్లో దాటిస్తున్నారు.

అలాగే రాయి కదిలినంత మాత్రాన మనిషి కదిలినట్టు కాదు. వేల్స్‌లో 1965లో నీట మునిగిన కాపెల్ కెలిన్ ఊళ్లో కొన్ని సమాధులనే తవ్వి తీశారు, మిగతా వాళ్లు అక్కడే ఉండిపోయారు. సమాధి రాళ్లను మాత్రం ఒడ్డున కట్టిన స్మారక చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం) దగ్గరికి తెచ్చారు. ఇంగ్లండ్‌లోని మార్డేల్‌లో 97 మందిని తీసి షాప్ అనే ఊళ్లో తిరిగి పూడ్చారు. రెండూ చూడటానికి ‘మార్చిన సమాధులే’. నీకు దొరికింది ఏ రకమో తేలాలంటే తీసిన కాగితం, పూడ్చిన కాగితం రెండూ చేతిలో ఉండి, నంబర్లు కలవాలి. అప్పటిదాకా ఇంట్లో పెద్దవాళ్లకు దొరికిందని చెప్పకు. ఒకసారి చెప్పి, తర్వాత కాదంటే వాళ్లు తట్టుకోలేరు.

కొత్త చోటు తెలిసి వెళ్లినప్పుడు ఆ రాయిని వైర్ బ్రష్‌తో గీకొద్దు, సుద్ద పూయొద్దు. పొద్దున్నో సాయంత్రమో వాలు వెలుతురులో ఫొటో తీస్తే అరిగిన అక్షరాలు వాటంతటవే లేస్తాయి. చుట్టుపక్కల సమాధుల ఫొటోలు కూడా తీసుకో. పాత శ్మశానం వరసనే కొత్త చోట పాటించి ఉంటే, రిజిస్టర్‌తో సరిపోల్చడానికి ఇరుగుపొరుగు పేర్లు పనికొస్తాయి. నీటి మట్టం తగ్గిందని పాత చోట తవ్వే ప్రయత్నం మాత్రం చేయొద్దు. చట్టమూ ఒప్పుకోదు, బురదలో ప్రాణానికీ ప్రమాదం.

రిజిస్టర్‌లో తప్పుగా ఉన్న పేరు సరిచేయించాలనుకుంటే ఆధారాలు జతచేసి అడుగు, కానీ పాత స్పెల్లింగ్ కొట్టేయొద్దని, పక్కన రాయమని కోరు. ఆ తప్పు పేరుతోనే రేపు మీ బంధువు ఇంకొకరు వెతుకుతూ రావచ్చు.

పాత శ్మశానం పేరు తెలియగానే నాకు రాయి. దరఖాస్తు ఎవరి పేరున పెట్టాలో, ఏ పేజీలు అడగాలో కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
బాబాయ్