సంఘం ముందు తప్పు ఒప్పుకోమంటున్నారు

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర పల్లె. మా ఆయన గ్రానైట్ క్వారీలో పని చేస్తారు. ఆరేళ్ల బాబుకి ఫిట్స్ వస్తుంటే ఉపవాస ప్రార్థనలు పెట్టారు. తగ్గక, నేనే ఒంగోలు తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించి మాత్రలు మొదలుపెట్టాను. అది అవిశ్వాసమని స్త్రీల కూడికలో పాస్టర్ గారు అన్నారు. అప్పటినుంచి ఎవరూ నాతో మాట్లాడటం లేదు. మాత్రలు ఆపి, ఆదివారం అందరి ముందు తప్పు ఒప్పుకుంటేనే ప్రభు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో, పాలు పంచుకోనిస్తారట. అత్తమ్మ, మా ఆయన కూడా అదే మాట. ఇంతమంది చెబుతుంటే తప్పు నాదేనేమో అనిపిస్తోంది.

జవాబు: ముందు మాత్రల సంగతి, అమ్మా. వాటిని ఆపకండి. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ తిరగబెట్టి, ఆగకుండా వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. సాధారణంగా రెండేళ్లపాటు ఫిట్స్ రాకుండా ఉంటేనే డాక్టర్లు తగ్గించే ఆలోచన చేస్తారు, అదీ మెల్లమెల్లగా. ఈ విషయంలో సంఘానికి ఓటు లేదు.

ఇక 'ఇంతమంది' అన్న మాట. 1950ల్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పరీక్ష పెట్టాడు. ఏ రెండు గీతల పొడవు ఒకటో కళ్లెదుటే కనిపిస్తున్నా, చుట్టూ ఉన్నవాళ్లంతా తప్పు చెప్పేసరికి, నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా ఆ తప్పుకే తలూపారు. గుంపులో ఒక్కరు నిజం చెప్పగానే మాత్రం ఆ లొంగుబాటు చాలావరకు తగ్గిపోయింది. గీతల విషయంలోనే అలా ఉంటే, మీ పల్లెలో సంబంధం చూసేది సంఘమే, పురుటికీ చావుకీ వచ్చేది సంఘమే, సమాధుల తోటలో చోటు చూపేదీ సంఘమే. మీకు పట్టిన గతి తమకూ పడుతుందన్న భయంతో నోరు మూసుకున్నవాళ్లు అందులో ఎందరున్నారో మీకు తెలియదు. వాళ్లలో బిడ్డకు చాటుగా మందులు వాడుతున్న తల్లి ఉండవచ్చు. అలాంటి ఒక్కరిని వెతకండి. పదిమందిని కూడగట్టాల్సిన పని లేదు, ఒక్కరు తోడున్నా మీ కళ్లను మీరు నమ్మగలుగుతారు.

వైద్యం అవిశ్వాసమనే మాట మీ విశ్వాసంలోంచి వచ్చింది కాదు. "రోగులకే గాని ఆరోగ్యము గలవారికి వైద్యుడక్కరలేదు" అన్నది యేసు ప్రభువే. లూకాను పౌలు 'ప్రియుడైన వైద్యుడు' అన్నాడు. మీ జిల్లాలో ఈ విశ్వాసాన్ని నాటిన బాప్టిస్టు మిషన్ వాళ్లే ఒంగోలులో క్లౌ దొర అనే మిషనరీ పేరుతో ఆసుపత్రి కట్టారు, నెల్లూరులోనూ కట్టారు. అభిషిక్తులను, అంటే పాస్టర్లను, ముట్టకూడదని ఎవరైనా బెదిరిస్తే, "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్న మాట కూడా అదే బైబిల్లో ఉందని గుర్తుంచుకోండి.

అయితే ఈ వాక్యాలతో ఇంట్లో వాదన పెట్టుకోకండి. అత్తమ్మ ముందు అసలే వద్దు. తల్లి ఎదుట మీ ఆయన మీ వైపు మాట్లాడలేరు. ఆమెకూ మనవడంటే ప్రాణమే, మందు వేస్తే దేవుడు చెయ్యి వదిలేస్తాడేమోనని ఆమె హడలిపోతోంది. ఈసారి చెకప్‌కి మీ ఆయన్ని వెంట తీసుకెళ్లండి. ఆయన అడగాల్సినవి డాక్టర్‌నే అడగనివ్వండి. మాత్రలు మొదలుపెట్టాక ఫిట్స్ ఎన్నిసార్లు వచ్చాయో తేదీలతో రాసిపెట్టి చూపించండి.

ఆదివారం ఒప్పుకోలు మాత్రం చేయకండి. చేయని తప్పును ఒకసారి మైకులో ఒప్పుకుంటే, రేపు ఆ మాటతోనే మాత్రలు మాన్పిస్తారు. పాస్టర్ గారు అడిగితే, "బాబు కోసం ప్రార్థన చేయండయ్యా, మాత్రలు కూడా వేస్తాను" అని నెమ్మదిగా చెప్పండి. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. బల్లలో పాలు ఇవ్వకపోతే బాధగానే ఉంటుంది, దాన్ని తక్కువ చేయను. కానీ దేవుణ్ణి మీ నుంచి వేరు చేసే అధికారం వాళ్లకు లేదు. మరో సంఘంలో ఆరాధనకు వెళ్లినా విశ్వాసం విడిచినట్టు కాదు.

నిద్ర పట్టనంత టెన్షన్‌గా ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్, ఏ వేళైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మాత్రల డబ్బా మీ దగ్గరే ఉంచుకుని, రోజూ మీ చేత్తోనే వేయండి.