కెమెరా ఉంది సరే, ముఖం కనిపిస్తోందా?

ప్రశ్న: మా వారు, ఆయన స్నేహితుడు కలిసి ఒక బార్ అండ్ రెస్టారెంట్ తీసుకున్నారు. లైసెన్సు షరతుల్లో సీసీ కెమెరాలు తప్పనిసరి అని ఉంది. ప్రతి టేబుల్ మీదా ఒకటి ఉండాలంటారు స్నేహితుడు. తనిఖీకి వచ్చినవాళ్లకు కనిపిస్తే చాలు, నాలుగు బిగించి వదిలేద్దామంటారు మా వారు. నాకేమో కస్టమర్లు ఇబ్బందిపడి రావడం మానేస్తారని టెన్షన్. ఎవరిది సరైన మాట?
- ఒక పాఠకురాలు

జవాబు: ముగ్గురిలో నా ఓటు మీకేనమ్మా. మీ వారి మాటకు మాత్రం భయపడుతున్నాను. ఎందుకంటే అలా బిగించి వదిలేసిన చోట నేను పదహారేళ్లు మేనేజరుగా పనిచేశాను.

ఒక శనివారం రాత్రి కౌంటర్ దగ్గర ఒకావిడ హ్యాండ్‌బ్యాగ్ పోయింది. రెండు వారాల తర్వాత పోలీసులు ఫుటేజీ కోసం వచ్చారు. ధీమాగా రికార్డర్ ముందు కూర్చున్నాను. ఆ శనివారమే లేదు! మొదట్లో నాలుగు కెమెరాలకు డిస్కులో మూడు వారాల రికార్డు నిలిచేది. మా ఓనరు ఇంకో నాలుగు పెట్టించాడు, డిస్కు మాత్రం పాతదే. పదకొండు రోజులు దాటగానే పాతదాని మీద కొత్తది ఎక్కిపోతోంది. ఆ ఎస్సై నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేనే కావాలని చెరిపేశాననుకున్నాడు.

అందుకే ముందు లెక్క చూసుకోండి. ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రోజంతా రికార్డు చేస్తే రోజుకు 43 జీబీ అవుతుంది. ఎనిమిది కెమెరాలకు, 30 రోజులకు 10 టీబీ, అంటే పదివేల జీబీ దాటుతుంది. 30 రోజులే ఎందుకంటే చాలా చట్టాలు అడిగేది అంతే. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ప్రజాభద్రత చట్టం అంతే అడిగింది, న్యూయార్క్ నగరం కూడా అంతే. మీ షరతుల కాగితంలో ఎన్ని రోజులని ఉందో చూసి, ఇంకో వారం కలుపుకుని డిస్కు కొనండి.

ఇక కెమెరా ఎక్కడ అన్నది. న్యూయార్క్ సంగతి చెబితే మీ స్నేహితుడికి కూడా అర్థమవుతుంది. 2006లో బార్‌కు వెళ్లిన ఒక విద్యార్థిని హత్యకు గురయ్యాక, డాన్సులుండే బార్లలో కెమెరాలు ఉండాలని ఆ నగరం నిబంధన పెట్టింది. ఎక్కడ? లోపలికి వచ్చే దారిలో, బయటికి పోయే దారిలో. టేబుళ్ల మీద కాదు. ఎవరు ఎవరితో వచ్చారు, ఎన్నింటికి ఎవరితో బయటికెళ్లారు... చివరికి అందరూ అడిగేది ఇదే. 2017లో ఆ డాన్సుల లైసెన్సు చట్టాన్నే ఎత్తేశారు, కెమెరాల షరతును మాత్రం ఉంచారు.

కాబట్టి డబ్బంతా గుమ్మం మీద పెట్టండి. మా దగ్గర అద్దాల తలుపు ఎదురుగా కెమెరా ఉండేది. సాయంత్రం బయటి వెలుగు వెనకనుంచి పడి, వచ్చినవాడు దేవుడో దొంగో తెలియని నల్లటి నీడలా కనిపించేవాడు. అలాంటి చోటికి డబ్ల్యూడీఆర్ ఉన్న కెమెరా అడగండి, వెనక ఎంత వెలుగున్నా ముందున్న ముఖం నల్లబడకుండా చూపించే ఏర్పాటు అది. పైకప్పుకు బిగించనివ్వకండి, టోపీలూ బట్టతలలే పడతాయి. మనిషిని కచ్చితంగా గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు, అంటే బొమ్మలోని చుక్కలు, ఉండాలని 2015 నాటి యూరప్ ప్రమాణం. ఫుల్ హెచ్‌డీ కెమెరాకు అడ్డంగా ఉండేవి 1920. అంటే ఏడున్నర మీటర్ల వెడల్పు దాటి చూపించే కెమెరాలో ఉన్నది మనిషని తెలుస్తుంది, ఎవరో తెలియదు. హాలంతా ఒక్కదానితో కవరవుతుందని అమ్మేవాడు అంటే నవ్వి ఊరుకోండి.

గుమ్మం తర్వాత క్యాష్ కౌంటర్, స్టాకు గది, వెనక తలుపు. బాత్రూముల్లో, స్టాఫ్ బట్టలు మార్చుకునే గదిలో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మైకు ఆపించేయండి. మనుషుల మాటలు రికార్డు చేయడానికి చాలా దేశాల్లో వేరే చట్టాలున్నాయి, ఆ గొడవ మీకెందుకు? కెమెరాలున్నాయని గుమ్మం దగ్గరే బోర్డు పెట్టండి.

మీ టెన్షన్ వట్టిదేం కాదు. 2009లో లండన్‌లోని ఇజ్లింగ్టన్‌లో ఒక పబ్బు లైసెన్సుకు పోలీసులు కెమెరాల షరతు అడిగితే, బ్రిటన్ ఇన్ఫర్మేషన్ కమిషనర్ కార్యాలయమే అభ్యంతరం చెప్పింది. గొడవల చరిత్ర ఉన్నా లేకున్నా అన్ని చోట్లా ఒకే షరతు రుద్దడం సరికాదన్నది దాని వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది. కానీ షరతు మీ కాగితంలో ఉంది కాబట్టి వాదించే దారి లేదు. టేబుళ్లను వదిలేసే వీలు మాత్రం చాలాసార్లు ఉంటుంది. పక్క టేబుల్ మీద కెమెరా తిరుగుతుంటే నేనైతే రెండో గ్లాసు ఆర్డర్ చెప్పను.

వారానికోసారి పది నిమిషాలు రికార్డర్ ముందు కూర్చోండి. మీ వారిని కాదు, మీరే కూర్చోండి. కిందటి నెల తేదీ ఒకటి నొక్కి బొమ్మ వస్తోందా చూడండి. టైమ్ సరిచూడండి. మా రికార్డర్ గడియారం ఒకసారి 47 నిమిషాలు వెనక నడిచింది. బిల్లు మీద ఒక టైమ్, ఫుటేజీలో ఇంకో టైమ్. ఇంటర్నెట్ నుంచి టైమ్ తీసుకునే సెట్టింగ్ ఉంటుంది, ఆన్ చేయించండి.

అన్నట్టు, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో ఇవాళే కనుక్కోండి. సాధారణంగా బిగించిన కుర్రాడి దగ్గరే ఉంటుంది, వాడు ఆర్నెల్ల కిందటే ఉద్యోగం మారి ఉంటాడు.