బండి బాగోగులు: కోడ్ అంటే ఇంటిపేరు మాత్రమే

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ జిల్లాల తెలుగు పాఠకులవి. అందరి ఫిర్యాదూ ఒకటే: కంపెనీ కోడ్ చెప్పి రంగు కలిపించినా కొత్తగా వేసిన చోటు వేరుగా తెలుస్తోందని. అందుకే ఈసారి ఇంజిన్, టైర్ల ప్రశ్నలు పక్కన పెట్టి రంగు సంగతే చూద్దాం.

ప్రశ్న: మా సిల్వర్ స్విఫ్ట్ ముందు తలుపుకి లారీ రాసుకుని సొట్ట పడింది. బండి కంపెనీ ప్లేట్ మీద రంగు కోడ్ జెడ్2ఎస్ అని ఉంది. అదే కోడ్‌తో రంగు కలిపించి వేయించాం. షెడ్డులో ట్యూబ్‌లైటు కింద బాగానే ఉంది. బయటికి తెచ్చాక ఎదురుగా నిలబడి చూస్తే తలుపు ముదురుగా ఉంది, వెనక లైటు దగ్గర నుంచి ఏటవాలుగా చూస్తే పక్క ఫెండర్ (చక్రం మీది రేకు) కన్నా తెల్లగా ఉంది. మిస్త్రీ "ఉన్నీస్–బీస్ ఫరక్ ఉంటది సార్", అంటే కొద్ది తేడా మామూలే అంటున్నాడు. తప్పు కోడ్‌దా, రంగు కలిపినవాళ్లదా? (రాజురా)

జవాబు: కోడ్ సరైనదే. జెడ్2ఎస్ అంటే మారుతి సిల్కీ సిల్వర్. రంగు కలిపినవాళ్లని తిట్టే ముందు స్ప్రే గన్ పట్టినవాళ్లని అడగాల్సింది ఒకటుంది. మీరు రాసిన లక్షణం, అంటే ఎదురుగా ముదురు, ఏటవాలుగా తేలిక, బేస్ కోట్ (రంగు పొర) మరీ తడిగా పడ్డప్పుడు కనిపించేది. సిల్వర్‌లో మెరుపంతా అల్యూమినియం రేకు ముక్కలది. కోట్ తడిగా, మందంగా పడితే ఆ ముక్కలు లోపలికి మునిగి అడ్డదిడ్డంగా నిలబడతాయి, ఎదురుగా వచ్చిన వెలుతురు తిరిగి రాదు. కోట్ కాస్త పొడిగా పడితే అవి పైన పరుచుకుని పడుకుంటాయి, రంగు ఎదురుగా తెల్లగా మెరుస్తుంది. డబ్బా అదే, కోడ్ అదే. చెయ్యి మారితే షేడ్ మారుతుంది.

దీనికి టింటర్ (షేడ్ మార్చే చిక్కటి రంగు) చుక్కలు వేసి సరిచేయబోవడం పెద్ద పొరపాటు. తెల్లరంగు కలిపితే ఎదురు చూపు తేరుతుందేమో గానీ ఏటవాలు చూపు ఇంకా పాలిపోతుంది. ముందు గన్ సరిచేయాలి. నాజిల్ 1.3 మి.మీ., హెచ్‌వీఎల్‌పీ గన్ (తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వదిలేది) అయితే పిడి దగ్గర గాలి సుమారు 2 బార్, దూరం 15 నుంచి 20 సెం.మీ. రెండు మామూలు కోట్లు వేసి, ఒక్కో దాని తర్వాత రంగు మెరుపు పోయి మాట్‌గా మారేదాకా ఆగాలి. చివర్న గన్ ఇంకో 5, 10 సెం.మీ. వెనక్కి జరిపి, చెయ్యి ఆపకుండా పల్చగా ఒక దుమారం కోట్ వేయాలి. రేకు ముక్కలు ఒక వరసలో పడుకునేది ఈ కోట్‌తోనే, మచ్చలు కలిసిపోయేదీ దీనితోనే.

ఇక కోడ్ విషయం. కోడ్ ఇంటిపేరు లాంటిది, అదొక్కటే చెబితే మనిషి దొరకడు. ఒకే రంగుని వేర్వేరు ప్లాంట్లలో, వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు సరఫరాదారుల పెయింట్‌తో వేసి ఉంటారు. అందుకే మిక్సింగ్ సెంటర్ కంప్యూటర్‌లో ఒక కోడ్ కొడితే అసలు ఫార్ములాతో పాటు కాస్త నీలం తిరిగినవి, కాస్త పసుపు తిరిగినవి, రేకు ముక్కలు ముతకగా ఉన్నవి అని వేరియంట్లు వస్తాయి. చాలా చోట్ల మొదటిది నొక్కేసి తూకం మొదలుపెడతారు. "ఈ కోడ్‌కి వేరియంట్ కార్డులు ఉన్నాయా, బండి పక్కన పెట్టి చూస్తారా" అని మీరే అడగండి. రంగుని ఎక్కువ కోణాల్లో చదివే పరికరం, అంటే స్పెక్ట్రోఫోటోమీటర్ ఉన్న చోటైతే ఇంకా మంచిది. సిల్వర్‌ని ఒకే కోణంలో చదివితే ఉపయోగం లేదు. 25, 45, 75 డిగ్రీల దగ్గరైనా చదవాలి.

ఏది ఎంచుకున్నా బండి మీద వేసే ముందు కార్డు మీద వేయాలి. ఈ పది నిమిషాల పని తప్పించుకోబోయి తలుపంతా రెండోసారి గీకించుకున్నవాళ్లే ఎక్కువ. నలుపు తెలుపు గళ్లున్న టెస్ట్ కార్డు తీసుకుని, బండికి వాడే గన్‌తోనే, అదే గాలితో, అదే చేత్తో వేయాలి. గళ్లు కనపడకుండా పోయేసరికి ఎన్ని కోట్లు పడ్డాయో కార్డు వెనక రాసుకోవాలి, బండికీ అన్నే కోట్లు. కార్డులో సగానికి క్లియర్ (రంగు మీద వేసే పారదర్శకమైన మెరుపు పొర) కొట్టి ఆరనివ్వాలి. క్లియర్ లేని బేస్‌ని చూసి షేడ్ తేల్చకూడదు, క్లియర్ పడగానే రంగు లోతెక్కుతుంది. ఆరిన కార్డుని ఫెండర్‌కి ఆనించి, నీడలో పగటి వెలుతురులో ఒకసారి, ఎండలో ఒకసారి, ఎదురుగానూ ఏటవాలుగానూ చూడాలి. ట్యూబ్‌లైటు కింద కలిసినట్టుండి ఎండలో విడిపోయే జోడీలు ఉంటాయి. ఒకే రంగుని వేరే టింటర్లతో సాధించినప్పుడు ఇలా జరుగుతుంది. షెడ్డులో బాగున్నది బయట తేడా రావడానికి మీ విషయంలో ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇంత చేసినా సిల్వర్ తలుపుని అంచు నుంచి అంచుకి వేసి ఆపేస్తే తేడా దొరికిపోతుంది. కన్ను బండి రెండు రేకుల (తలుపు, ఫెండర్ లాంటి భాగాల) మధ్య గీత దగ్గర పోల్చుకుంటుంది కాబట్టి ఆ గీత దగ్గరే రంగు పరాయిది కాకుండా చూడాలి. ముందు ఫెండర్, వెనక తలుపు రెండింటినీ గ్రే స్కాచ్‌బ్రైట్ లేదా 1500 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపు చంపి, బేస్ కోట్‌ని ఆ రేకుల్లోకి మూడో వంతు దాకా పల్చబరుస్తూ తీసుకెళ్లాలి. క్లియర్ మాత్రం మూడు రేకులకీ నిండుగా కొట్టాలి. రేకు మధ్యలో క్లియర్ ఆపి పాలిష్‌తో కలిపేస్తామనే మాట నమ్మకండి, ఆ అంచు కొన్నాళ్లకి పొరలా లేస్తుంది. ఖర్చు పెరుగుతుంది నిజమే. కానీ మీరు ఇప్పుడు చూస్తున్న తేడా పోవడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు.

ప్రశ్న: కోడ్ ఎక్కడ ఉంటుందో తెలియడం లేదు. ఇంజిన్ దగ్గర ప్లేట్ మీద రెండు మూడు కోడ్‌లు కనిపిస్తున్నాయి. మా ఊళ్లో రంగు కలిపేవాళ్లు లేరు. చెన్నూరు మీదుగా మంచిర్యాల వెళ్లాలి, లేదా చంద్రపూర్. బండి తీసుకెళ్లకుండా పని జరుగుతుందా? (సిరోంచ)

జవాబు: ముందు చూడాల్సిన చోట్లు రెండు: బానెట్ ఎత్తితే కనిపించే ప్లేట్, డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద ఉండే స్టిక్కర్. ఫోక్స్‌వాగన్ రకాలకి డిక్కీలో స్టెప్నీ గుంట దగ్గరా, సర్వీస్ పుస్తకంలోనూ చూడండి. పొరపాటు జరిగేది ఎక్కువగా లోపలి సీట్ల గుడ్డకి ఉన్న కోడ్‌ని రంగు కోడ్ అనుకోవడంలో. టొయోటా ప్లేట్ మీద సి/టీఆర్ అనే వరసలో ముందున్నది రంగు, వెనకున్నది లోపలి ట్రిమ్. 040 అని ఉంటే సూపర్ వైట్. హోండా కోడ్ చివర ఎమ్ ఉంటే మెటాలిక్ (రేకు ముక్కల మెరుపు), పీ ఉంటే పర్ల్ (ముత్యపు మెరుపు) అని గుర్తు. ప్లేట్‌ని ఫోన్‌లో ఫొటో తీసి పట్టుకెళ్లండి. చేత్తో రాసుకుంటే సున్నా, ఓ కలిసిపోతాయి.

బండి లేకుండా వెళ్లాలంటే పెట్రోల్ పోసే చోటున్న బయటి మూత విప్పి తీసుకెళ్లడం అందరూ చేసే పనే, అందులో తప్పు లేదు. అయితే పైవైపే చూపించండి, లోపలి వైపు ఎండ ఎరగని రంగు. వెళ్లే ముందు మూత పైభాగాన్ని పాలిష్ పేస్టు, అంటే కాస్త కంపౌండ్‌తో రుద్ది, వెలిసిన పొర తీసేయండి. మూత ప్లాస్టిక్‌ది అయితే దాని రంగు రేకు రంగుకి అచ్చంగా సరిపోదు. అలాంటప్పుడు నమూనాకి వేరే చిన్న రేకు భాగం విప్పించాలి, లేదంటే బండినే తోలుకెళ్లాలి.

ప్రశ్న: తెల్ల బండి. బానెట్ నిండా సన్నటి గోధుమరంగు చుక్కలు, పైన గరుగ్గా తగులుతుంది. తలుపు ఒకటి వేయించాలి. దీనికి తగ్గట్టు కాస్త పసుపు తిప్పి కలపమంటే మిస్త్రీ సరే అన్నాడు. (బల్లార్‌పూర్)

జవాబు: ఆగండి. ఆ పసుపు రంగుది కాదు, గాల్లోంచి పడ్డది. బొగ్గు, సిమెంటు రజనుతో పాటు రైళ్ల పట్టాల దగ్గర నుంచి లేచే ఇనుప రజను క్లియర్ మీద అతుక్కుని తుప్పు పడుతుంది. ముందు బండిని షాంపూతో కడిగి, ఐరన్ రిమూవర్ చల్లండి. ఇనుము ఉన్న చోట ద్రవం ఊదారంగుకి తిరుగుతుంది. ఆరిపోకముందే నీళ్లతో కడిగేయాలి, ఎండలో అసలు చేయకూడదు. మిగిలిన గరుకుని మెత్తటి బంకమట్టి ముద్దలాంటి క్లే బార్‌తో, సబ్బునీళ్లు చల్లుతూ తీయండి. సిమెంటు రజను పడ్డ చోట పొడిగుడ్డ వేసి తుడవకండి, గీతలు పడతాయి. ఇదంతా అయ్యాకే తెలుపు చూడాలి.

తెలుపంటే తెలుపేగా అనుకుంటాం గానీ, డబ్బాలో పడే చిటికెడు నలుపు, పసుపు, ఎరుపుల వల్లే ఒక కంపెనీ తెలుపు మరో కంపెనీ తెలుపులా ఉండదు. అందుకే తూకం దగ్గర జాగ్రత్త. త్రాసు 0.1 గ్రాము దాకా చూపిస్తుంది. ఫార్ములాలో నలుపు 0.2 గ్రాములు ఉంటే ఒక్క చుక్క ఎక్కువైనా మొత్తం బూడిద తిరుగుతుంది. డబ్బు మిగులుతుందని 100 మి.లీ. కలిపించకండి. 250 మి.లీ. కన్నా తక్కువైతే ఆ చిన్న టింటర్ల లెక్క నిలవదు.

ప్రశ్న: పెయింటర్ని. ఒక తలుపుకి ఎంత రంగు, ఎంత క్లియర్ పెట్టుకోవాలి? ఎండాకాలం బేస్ ఇసకలా పడుతోంది, క్లియర్‌లో సూది బెజ్జాలు వస్తున్నాయి. లేత సిల్వర్ వేస్తే పుట్టీ పెట్టిన చోట పసుపు మచ్చ తేలుతోంది. (కిన్వట్)

జవాబు: బయటి ముఖం మాత్రమే అయితే థిన్నర్ కలిపి సిద్ధం చేసిన బేస్ 300 నుంచి 400 మి.లీ., క్లియర్ 250 నుంచి 300 మి.లీ. పక్క రేకుల్లోకి తీసుకెళ్తే దానికి తగ్గట్టు పెంచుకోండి. క్లియర్‌కి హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) ఎక్కువ రకాల్లో రెండు వంతులకి ఒక వంతు. డబ్బా మీద ఏముంటే అదే పాటించండి, ఒక కంపెనీ క్లియర్‌కి ఇంకో కంపెనీ హార్డెనర్ కలపొద్దు.

ఇసక పడటానికి కారణం వేడి. మీ వైపు మే నెలలో రేకు మీద చెయ్యి పెట్టలేం. మామూలు థిన్నర్ గన్ నుంచి రేకు చేరేలోపే గాల్లో ఆరిపోతుంది, రంగు పొడిగా పడి పాలిపోతుంది. స్లో థిన్నర్, స్లో హార్డెనర్ తెచ్చుకోండి. బండిని ముందురోజు సాయంత్రమే నీడలోకి తోసి, తెల్లారి ఎండెక్కకముందే వేయండి. సూది బెజ్జాలు మాత్రం తొందరవల్ల వచ్చేవి. పైన చర్మం కట్టేస్తే లోపల మిగిలిన థిన్నర్ దాన్ని పొడుచుకుని బయటికి వస్తుంది. రెండు క్లియర్ కోట్ల మధ్య 10, 15 నిమిషాలు ఆగండి, ఒకే దెబ్బకి మందంగా కొట్టకండి.

పసుపు మచ్చ పుట్టీ హార్డెనర్‌ది. 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాములు చాలు, ఎండాకాలం ఇంకాస్త తగ్గించవచ్చు. త్వరగా గట్టిపడాలని ఎర్ర ట్యూబులోని హార్డెనర్ ఎక్కువగా పిండితే అందులో మిగిలిపోయిన పెరాక్సైడ్ పైకి పాకి లేత రంగుల్లో మచ్చవుతుంది. మళ్లీ బేస్ కొడితే మళ్లీ తేలుతుంది, పుట్టీ దాకా గీకి తీయాల్సిందే. ఇంకొకటి: క్లియర్ హార్డెనర్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. రుమాలు కట్టుకోవడం మాస్కు కాదు, ఆస్తమా పట్టుకుంటే ఆ వృత్తే వదలాలి.

ప్రశ్న: పర్ల్ వైట్ ఫార్చ్యూనర్ బంపర్ వేయిస్తే పక్క ఫెండర్‌తో కలవలేదు. (దెగ్లూర్)

జవాబు: కోడ్ 070 అయితే అది మూడు పొరల రంగు: కింద తెల్ల బేస్, మధ్యలో పారదర్శకమైన పర్ల్, పైన క్లియర్. పర్ల్ కోట్లు రెండు పడితే ఒక షేడ్, నాలుగు పడితే ఇంకో షేడ్. ఒకే కార్డు మీద కింద తెలుపు వేసి, మాస్కింగ్ టేప్ జరుపుతూ ఒకటి, రెండు, మూడు, నాలుగు కోట్ల పర్ల్ మెట్లుగా వేసి, క్లియర్ కొట్టి ఫెండర్ పక్కన పెట్టి చూడాలి. ఏ మెట్టు కలిస్తే బంపర్‌కి అన్ని కోట్లు. ఒక మాట: కంపెనీలో బంపర్‌ని తరచూ వేరేచోట వేసి తెస్తారు, కొత్త బండికే కొద్ది తేడా ఉంటుంది. దాన్ని మిస్త్రీ నెత్తిన రుద్దకండి. ప్లాస్టిక్ ప్రైమర్ వేయకపోతే మాత్రం ఒక్క రాయి తగిలినా పొర లేస్తుంది, అది అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: ఇన్సూరెన్స్‌లో పెయింటింగ్‌కి సగం కోస్తారంటున్నారు, నిజమేనా? (చంద్రపూర్)

జవాబు: సగం కోసేది రంగు సామాను ఖర్చులోనే, కూలీలో కాదు. జీరో డిప్రిసియేషన్ (తరుగు కోయని సదుపాయం) లేని పాలసీలో సామానుకి 50 శాతం తరుగు. బిల్లులో సామాను, కూలీ విడదీయకపోతే మొత్తంలో 25 శాతాన్ని సామానుగా లెక్కేస్తారు. అంటే 10,000 రూపాయల కలిపిన బిల్లులో 2,500 సామాను, అందులో సగం 1,250 మీ జేబులోంచి పోతుంది. అదే రంగు వేయించుకుంటే ఆర్టీఓ ఆఫీసు పని లేదు. ఆర్సీలో ఉన్న రంగు మార్చితే మాత్రం నమోదు చేయించాలి.

ప్రశ్న: రాళ్లు తగిలి బానెట్ మీద చిన్న చిన్న పెచ్చులు. టచప్ సీసా కొంటే చాలా? (గడ్చిరోలి)

జవాబు: చాలు, కోడ్ చూసి కొనండి. బ్రష్‌తో పూయకుండా అగ్గిపుల్ల మొనతో పెచ్చు లోపలికి మాత్రమే చుక్క పెట్టండి. ఇనుము కనపడుతుంటే ముందు తుప్పు గీకి, ప్రైమర్ చుక్క. రంగు ఆరేకొద్దీ కుంగుతుంది కాబట్టి ఒకేసారి నింపకుండా రోజుకొక చుక్క చొప్పున మూడు నాలుగు రోజులు పెట్టి, ఆపైన క్లియర్ చుక్క. వారం ఆగి 2000 నంబరు వాటర్ పేపర్ని పెన్సిల్ వెనక రబ్బరుకి చుట్టి, నీళ్లతో ఆ చుక్కనొక్కదాన్నే సమం చేసి కంపౌండ్ పెట్టండి.